ఏసమ్మ చేతులు

జూన్ 11
జీవరత్నంగారి యూరిన్ కల్చర్ వచ్చింది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. మందుల పేర్ల పక్కన అన్నీ రెసిస్టెంట్ అనే ఉంది, అంటే ఏదీ పనిచేయదు. ఒక్క కొలిస్టిన్‌కే లొంగుతుందట. అది కిడ్నీలను తినే మందు. ఆయనది నెల్లిమర్ల. జ్వరం వచ్చినప్పుడల్లా ఊళ్లో ఏదో ఇంజెక్షన్ పొడిపించుకుని, తగ్గగానే మానేసేవారట. పెద్ద మందేసినారు కదా సిస్టరమ్మా, పురుగు సస్తాది కదా అని ఆయన భార్య ఏసమ్మ అడిగింది. చస్తుంది అన్నాను. నాకేం తెలుసు.

జూన్ 13
ఏసమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాదు. మాది చిన్న ఆసుపత్రి, ఆడా మగా ఒకే హాల్లో. మొగుడికి ప్రార్థన అవగానే పక్క మంచం లక్ష్మణమ్మ నుదుటి మీదా చెయ్యి పెడుతుంది. లక్ష్మణమ్మది శ్రీకూర్మం. కిడ్నీ రాళ్ల ఆపరేషన్ అయింది. సాలూరులో లారీ తోలే కొడుకు ఫోను కూడా ఎత్తడు. ఏ దేవుడైతే ఏటి, సెయ్యి సల్లగా ఉన్నాది అంటుంది లక్ష్మణమ్మ. గంజి తాగించేదీ ఏసమ్మే. చూస్తే ముచ్చటేసింది.

జూన్ 16, మధ్యాహ్నం
లక్ష్మణమ్మకు చలిజ్వరం. కల్చర్‌కి పంపాం.

జూన్ 19
అదే పురుగు.

ఇద్దరి యూరిన్ బ్యాగులూ ఎవరు వంచుతున్నారని డాక్టరుగారు అడిగారు. ఆయా రాకపోతే ఇంటివాళ్లే వంచుతారు, ఇక్కడ అంతే. లక్ష్మణమ్మకు ఎవరూ లేరని ఏసమ్మ మొగుడిది వంచి, అదే మగ్గులో, అదే చేత్తో ఆమెదీ వంచింది. మధ్యలో చేతులు కడుక్కోమని మేమెవరమూ చెప్పలేదు. కోపం ఎవరి మీద చూపించాలి?

లక్ష్మణమ్మ కిడ్నీలు రాళ్లతో ఇప్పటికే సగం పోయాయి. కొలిస్టిన్ ఇస్తే మిగతా సగం పోవచ్చు. ఇవ్వకపోతే మనిషే పోతుంది. మొదలుపెట్టాం.

జూన్ 20
పురుగు ఎలా పాకిందో ఏసమ్మకు చెప్పాను. మీ చేతులు అనలేదు, మన చేతులు అన్నాను. ఆవిడ రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది. ఇంకెవుర్నీ ముట్టుకోనమ్మా అంది. నాకు ఏడుపొచ్చింది.

జూన్ 23
జీవరత్నంగారికి జ్వరం లేదు. లక్ష్మణమ్మను విడిగదిలోకి మార్చాం. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, డోసు తగ్గించారు. ఏసమ్మ గుమ్మం బయటే నిలబడి ప్రార్థన చేస్తోంది, చేతులు వెనక్కి కట్టుకుని.

జూన్ 25
మళ్లీ పెరిగింది.

జూన్ 29
పెరగడం ఆగింది. జ్వరమూ దిగింది. లక్ష్మణమ్మ గంజి వద్దు, సేపల పులుసు కావాలంది. బాత్రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

జూలై 1
జీవరత్నంగారు డిశ్చార్జి. ఏసమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, ఎల్లొస్తాను అంది. సెయ్యెట్టకుండానే ఎల్లిపోతావేటే అంది లక్ష్మణమ్మ లోపల్నుంచి. ఏసమ్మ నా వైపు చూసింది.

కుళాయి చూపించాను.