వేరు కొన తుంచాను

నాయనా,

తొండూరులో మన చీనీ బత్తాయి తోటను నరికి, అడ్డం పోయిన నిన్నూ నరికి ఈ రోజుకు ఏడేళ్లు. ఆ నేల బీడుగానే ఉండాలని, నరికిన ఆ ఫ్యాక్షన్ వాళ్ల పట్టు. అందుకే ఈ రోజే పోయి, చీనీ అంటు కట్టడానికి జంబేరి నిమ్మ నారు నాటాను.

నారు నాటేముందు నువ్వు ప్రతి మొక్కకూ తల్లివేరు కొనను గోటితో తుంచేవాడివి. చిన్నప్పుడు అది చూసి నేను ఏడిస్తే, "కొన తెంపితేనే పక్కవేర్లు శానా వస్తాయమ్మా" అనేవాడివి. ఎందుకొస్తాయో నీకూ తెలీదు. ప్రొద్దుటూరు కాలేజీలో నేను చదువుకున్నాను. చిగుళ్లలో పుట్టిన ఆక్సిన్ అనే హార్మోను వేరులోకి దిగుతుంది. కొన పోతే అది తెగిన చోటికి పైన పోగుపడి, పక్కవేర్లు పుట్టించే జన్యువులను లేపుతుంది. ఆ జన్యువులు మొదటి నుంచీ వేరులోనే ఉంటాయి నాయనా, బయటి నుంచి ఎవరూ తెచ్చిపెట్టరు.

మధ్యాహ్నం వాళ్ల మనిషి జీపులో వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. జీపు మీద పార్టీ జెండా మారింది, జీపు మాత్రం నిన్ను నరికిన రోజు వచ్చిందే.

"మళ్లా తోటేందిమ్మా? మీ నాయనకు అయింది మర్చిపోయినావా?"

నేను ఒక మొక్క తీసి, ఆయన ముందే వేరు కొన తుంచాను. ఆయన నవ్వాడు.

"నువ్వే తెంపుతాండావే! ఇంకేం బతుకుతాది?"

"నెలకు మళ్లా రాప్పా. ఒకటి పీకి చూపిస్తా, వేర్లు నువ్వే లెక్కపెట్టు."

ఆయన నవ్వు ఆగింది. నేను ఇంకో మొక్క అందుకున్నాను.

భయమేసింది నాయనా, నీ దగ్గర దాచడమెందుకు. సాలు మాత్రం వంకర పోలేదు.