పరక పిల్లలు తిన్నాయి

సంగారెడ్డి,
1997 ఆగస్టు

నా బంగారు తల్లి నాగేశ్వరికి,

తిన్నాయమ్మా! మన వాగులో పరక చేపల పిల్లలు కడుపు నిండా తిన్నాయి!

సంతోషం ఎంతుందో కోపమూ అంతే ఉంది. నిరుడు మీ చిన్నాయన కిష్టప్ప మన చేపల సంఘం అందరి ముందు నిన్ను వాగు గట్టు దిగవద్దన్నాడు చూడు, ఆ మాట నా గొంతులో ఇంకా ముల్లులా ఉంది. నువ్వన్నది ఏమిటి? మందుల కంపెనీ వాగులోకి మురికినీళ్లు వదిలే గొట్టం మూసినా ఇప్పుడే చేపపిల్లలను వదలకండి, అంత చిన్న నోటికి పట్టేవి కంటికి ఆనని నీటి పురుగులే, అవన్నీ మందునీళ్లకు చచ్చాయి, మళ్లీ పుట్టేదాకా ఆగండి అన్నావు. దానికి వాడు, "పట్నం పోయి సదువంగనే చేపల ఆకలి తెలుస్తదా? తవుడేస్తే తినయా?" అని నవ్వాడు. నేను వద్దని మొత్తుకున్నా వినకుండా చేపపిల్లలను వదిలి, బస్తాలకు బస్తాలు తవుడు కుమ్మరించాడు. ఆ నోళ్లలో తవుడు పడుతుందా! నీళ్లు కుళ్లి కంపు కొట్టాయి, పిల్లలన్నీ చచ్చి తేలాయి. చివరికి నీ నోరు మంచిది కాదన్నారు, పాపిష్టివాళ్లు! ఆనాడు హాస్టలుకు పోయినదానివి మళ్లీ ఇంటికి రాలేదు.

మొన్న మళ్లీ సంఘం కూర్చుంది. ఈ వాగులో చేప బతకదని కాగితం మీద అందరూ వేలిముద్ర వేస్తే కంపెనీ వాళ్లు తలా ఇంత డబ్బు ఇచ్చి మళ్లీ గొట్టం తెరుస్తారట. సిరా డబ్బీ పట్టుకొని ముందు కూర్చున్నది ఎవరనుకున్నావు? మీ చిన్నాయనే! నా ఒళ్లు మండిపోయింది. పొద్దున వాగు అంచున గడ్డి సందులో ముంచి తెచ్చిన గాజు గ్లాసు వాడి ముందు పెట్టాను.

"ఏందన్నా గిది? ఉత్త నీళ్లే గదా."

"కండ్లద్దాలు పెట్టుకొని సూడు."

ఈ వానలకు మంజీర నుంచి ఎదురెక్కిన పరకలు పెట్టిన పిల్లలమ్మా, ఎవరూ తెచ్చి వదిలినవి కావు. ఒళ్లంతా అద్దమే. నిరుడు చచ్చినవాటి కడుపులు ఖాళీ. వీటి కడుపులో నల్లటి దారం లాగా మేత కనబడుతోంది, నువ్వు చెప్పిన నీటి పురుగులు మళ్లీ పుట్టాయి!

కాగితం తెచ్చిన కంపెనీ మనిషి, "రేపు ఇవి గూడ సస్తయి తాతా" అన్నాడు.

"సచ్చేటియి ఆకలికి నిరుడే సచ్చినయి. ఇవి తిన్నయి! దమ్ముంటే గిప్పుడు ముద్దరేయుండ్రి!" అని అరిచాను.

మీ మల్లవ్వ అత్త గ్లాసులోకి తొంగి చూసి, "ఓరి కిష్టప్పా, నీకంటే ఇవే నయంరా. దేనితోని కడుపు నింపుకోవాల్నో వీటికి ఎరుక" అన్నది. ఒకటే నవ్వులు. ఒక్కరూ వేలు పెట్టలేదు. కాగితం తెచ్చినవాడే దాన్ని మడిచి పట్టుకుపోయాడు.

ఇంతా అయ్యాక మీ చిన్నాయన ఏమంటున్నాడో విను: "జెర ఆగుండ్రని నేను ముందే చెప్పిన గదా!" సిగ్గుండాలి మనిషన్నాక!

సరే, జోగిపేటలో మీ రాజవ్వ పెద్దమ్మకు కార్డు ముక్క రాయి, నిన్ను తలచుకొని ఏడ్చింది. కంది ఊళ్లో ఉన్న నర్సింహులు మామకు తప్పక చెప్పు, ఆ తవుడు బస్తాలు మోసింది ఆయనే. ఇందిరమ్మ వదినకు కూడా. చిన్నాయనకు మాత్రం నువ్వేమీ రాయకు. వచ్చే ఆదివారం వాడే బస్సెక్కి నీ హాస్టలుకు వస్తాడు, గట్టు మీదికి నిన్ను పిలవడానికి. మల్లవ్వ ఒట్టు వేయించింది. గేటు దగ్గర కాసేపు నిలబెట్టు.

మీ నాయన,
అంజయ్య