జానెడు అంచు

హైదరాబాదు,
12 ఆగస్టు 1997.

జానకి వదినా, ఈ ఉత్తరం నువ్వు చదవకు. తెచ్చిన పోస్టుమాన్ సోమయ్యన్నతోనే యాడీకి చదివించు.

యాడీ, నీ చిన్నకొడుకు దండాలు. నేనేం కొలువు చేస్తున్నానని అడిగావు. కళ్లకు పెట్టెలాంటిది కట్టుకుంటే, కంప్యూటరులో మేం గీసిన ఇంట్లోకి నడిచిపోయినట్టే ఉంటుంది. తల ఎటు తిప్పితే అటువైపు ఇల్లు అప్పటికప్పుడు కనబడుతుంది. దాని గుమ్మానికి అద్దాలు కుట్టిన పరదా వేశాను. చూసినవాళ్లంతా దాన్ని పట్టుకోబోయి గాలిలో చేతులాడించారు. ఆ పనితనం ఎవరిదని మా సారు అడిగితే నాదేనన్నాను. నౌకరీ పర్మనెంటైంది.

ఆ పరదా మీద ఉన్నది నీ పెళ్లినాటి లంగా అంచు. అడిగితే ఇవ్వవని, హోలీకి వచ్చినప్పుడు నీ సందుగ తీసి జానెడు కత్తిరించుకున్నాను. దాన్నే ఫొటో తీసి కంప్యూటరులోకి ఎక్కించాను.

మొన్న పనిమీద వచ్చినప్పుడు మిర్యాలగూడ బస్టాండులో అన్న కలిశాడు. "జానకే అంచు కోసి తల్లిగారింటికి పంపిందని యాడీ అంటున్నది. సందుగ తాళంచెయ్యి గుంజుకున్నది. జానకి సక్కగ తింటలేదురా" అన్నాడు. అన్న ముఖం చూడలేక బస్సెక్కాను.

ఇంట్లో చదువొచ్చింది వదినకొక్కదానికే. ఆమె చదివితే, తప్పు కప్పుకోవడానికి కల్పించి చదివిందంటావు. అందుకే సోమయ్యన్నను చదవమన్నాను.

సోమయ్యన్నా, ఆ ముక్క ఈ కవరులోనే ఉంది. వదిన చెయ్యి తగలనీయకుండా నువ్వే తీసి యాడీ చేతిలో పెట్టు.