నీ పిల్లికి పాలు బంద్

అత్తమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ముసలి పిల్లి ఈమధ్య తాగిన పాలన్నీ కక్కేస్తోంది. ఇవాళ నీ సంవత్సరీకానికి కడిగిన వసారాలోనే కక్కింది.

"వదినా, దీన్ని సంచిలేసి అడవిల ఇడిసొస్త," అన్నాడు నీ చిన్నకొడుకు.

"ముందు నన్ను ఇడిసిరా!" అన్నాను.

వంట సగంలో వదిలేసి, అతను తెచ్చిన సంచిలోనే పిల్లిని పెట్టుకుని దమ్మపేట పశువుల దవాఖానాకు వెళ్లాను.

"ఇంత వయసుల దీనికి పాలు అరుగుతలేవమ్మా, బంద్ చెయ్," అంది డాక్టర్.

పదేళ్లు నేను మొత్తుకున్నదీ అదే. "మూగజీవి నోరు కొడ్తవా?" అని నన్నే తిట్టేదానివి. నువ్వు పోయాక ఆ పాలు ఆపడానికి నాకే చేతులు రాలేదు.

ఇక ఆపేశాను. నీ సత్తుగిన్నెలో ఇప్పుడు మంచినీళ్లే. కోపమొస్తే లేచొచ్చి నాతో పోట్లాడు.