కట్టని కల్వర్టు కాగితం

8వ తారీకు

ప్రియమైన నాన్నకు,

మోకాలి నొప్పి తగ్గిందా? మా రోడ్ల శాఖలో కొత్త పద్ధతి పెట్టారు. ఏ పనికి ఎంత ఖర్చయిందో ఎవరైనా అర్జీ పెట్టి అడిగితే, ఆ కాగితాలు గేటు పక్కన బోర్డుకి అంటించాలి. పాత కట్టలు విప్పే పని నా నెత్తిన పడింది. అర్జీ నాకు చూపించరు, కట్ట నంబరే ఇస్తారు.

నిన్నటి నంబరు మన బడి వీధి కల్వర్టుది. నేను మూడో తరగతిలో ఉన్నప్పటిది. పని పూర్తయిందని ఓవర్సీరు సంతకం ఉంది. అది నీ సంతకం నాన్నా. అక్కడ కల్వర్టెప్పుడుంది? వానొస్తే నన్ను భుజాల మీద దాటించేవాడివి కదా. ముప్పయ్యో తారీకులోగా అంటించాలి. నీ పింఛను ఏమవుతుందోనని ఒకటే దిగులుగా ఉంది. ఆ సంతకం నువ్వు చెయ్యలేదని ఒక్క ముక్క రాయి.

నీ జవాబు కోసం చూసే
బుజ్జి

12వ తారీకు

చిట్టితల్లీ,

మోకాలు బాగానే ఉంది. వేళకి తిను. ఆ అర్జీ ఎవరిదో నీకు తెలిసిందా? వెంటనే రాయి.

నాన్న

16వ తారీకు

నాన్నా,

నేను సంతకం సంగతి అడిగితే నువ్వు అర్జీ సంగతి అడుగుతావేంటి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. నాకు కోపంగా ఉంది, అంతకన్నా భయంగా ఉంది.

ఆ కాగితం ఇంటికి తెచ్చేశాను. బీరువాలో దుప్పట్ల కింద ఉంది. ఒళ్ళో నిప్పు పెట్టుకుని కూర్చున్నట్టుంది. కట్టలో ఒక కాగితం తగ్గితే చెదలు తిన్నాయనుకుంటారు. నువ్వు ఊఁ అంటే చింపేస్తాను.

బుజ్జి

20వ తారీకు

నా బంగారు తల్లికి,

చింపకు. ఈ ఉత్తరం అందిన రోజే తీసుకెళ్ళి కట్టలో పెట్టెయ్.

సంతకం నాదే. సెలవు పెడితే పని ఆగకూడదని ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి హెడ్ క్లర్కుకి ఇచ్చి వెళ్ళడం మా ఆఫీసులో అందరికీ అలవాటు. మీ అమ్మ ఆపరేషనప్పుడు నేనూ పది చేసిచ్చాను. తిరిగొచ్చేసరికి ఒక దాని మీద కల్వర్టు కట్టేశారు. ఇంజనీరుని అడిగితే "ఊరుకోవయ్యా, వచ్చే ఏడు నిజంగానే కట్టేద్దాం" అన్నాడు. ఊరుకున్నాను. నిన్ను భుజాన వేసుకుని దాటించింది కేవలం ముద్దు కొద్దీ కాదమ్మా.

ఆ అర్జీ పెట్టింది నేనే. అడిగితే చూపిస్తామని మీ శాఖ ప్రకటించిన రోజే పోస్టు చేశాను. కట్ట విప్పేది నా కూతురని తెలియదు. నేను చెప్పకముందే నా పేరు చూశావేమోనని భయపడి అలా అడిగాను.

పింఛను పోతే పోనీ. ముప్పయ్యో తారీకు మొదటి బస్సుకి వస్తాను. అడిగినవాళ్ళకి బోర్డు పక్కన నిలబడి నేనే చెబుతాను. జిగురు గట్టిగా రాయి, వానకి ఊడిపోకూడదు.

మీ నాన్న