కుంచె చప్పుడు

అత్తయ్యా,

మీరు పోయి ఏడాది దాటింది. ఈ ఉదయం వీధిలో మగ్గానికి ఎక్కించే పడుగు నూలు చాపి, దానికి కుంచెతో గంజి పట్టించే పని మొదటిసారి కొత్త కోడలు సీతకు అప్పగించాను. యుద్ధం వచ్చాక బెజవాడలో నూలు దొరకడం గగనమైపోయింది. ఈ పడుగు పాడైతే మగ్గం ఖాళీయే.

నాకు అప్పగించిన రోజు మీరు అరుగు మీద అటు తిరిగి కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుకున్నారు. నా మీద అంత నమ్మకం ఎలా కుదిరిందో నాకు అంతుపట్టలేదు. ఆ పూట అన్నంలో రాళ్లు తగిలితే, మీకు చూపు తగ్గిందనుకున్నాం.

ఇవాళ నేనూ చేట పట్టుకుని అటు తిరిగి కూర్చున్నాను. చిత్రంగా, చూడకపోతే అన్నీ వినిపిస్తాయి. గంజి సరిపడా ఉన్నచోట కుంచె మెత్తగా జారుతుంది, తక్కువైనచోట గరగరలాడుతుంది. ఆ గరగర వినగానే లేవబోయాను. అంతలో చప్పుడు ఆగింది.

"ఇక్కడ ఆరిపోతోందండీ అత్తయ్యా, ఇంకాస్త పట్టించనా?" అంది సీత.

"నీకెలా తోస్తే అలా చెయ్యమ్మా," అన్నాను వెనక్కి తిరక్కుండానే. ఆనాడు మీరు నాతో అన్నదీ అదే.

పడుగు చక్కగా కుదిరింది. మధ్యాహ్నం మీ అబ్బాయికి మొదటి ముద్దలోనే రాయి తగిలింది.