ఆయన మాట విన్న స్పీకర్

అన్నయ్యా,

నువ్వు చెప్పిన, మాట విని లైట్లూ ఫ్యాన్లూ వేసే ఆ పెద్ద స్పీకర్ కొనలేదు, కోప్పడకు. గొంతు ఆపరేషన్ అయ్యాక మీ బావగారి మాట సగం గాలిగానే వస్తోంది. ఎవరికీ అర్థం కావడం లేదని సిగ్గుపడి, నోరు విప్పడమే మానేశారు. అందుకే ఆయన్నే దుకాణానికి తీసుకెళ్లాను.

"లైటు వెయ్యి" అని ఆయన మూడుసార్లు చెప్పినా నీ పెద్ద స్పీకర్ పలకలేదు.

"నేను చెప్పి చూస్తానండీ," అన్నాడు సేల్స్‌మన్.

"ఇంట్లో ఉండేది ఈయన కదండీ, మీరు కాదుగా!" అన్నాను.

పక్కనున్న చిన్న స్పీకర్‌కు ఆయన ఒక్కసారే చెప్పారు. లైటు వెలిగింది. ఇంకేం చూడకుండా అదే తెచ్చేశాను.

ఇప్పుడు పాటలు పెట్టమంటున్నారు, ఫ్యాను ఆపమంటున్నారు, కాఫీ ఆలస్యమైతే నన్నూ కేకలేస్తున్నారు. ఆదివారం నీకు తనే ఫోన్ చేస్తారట. మధ్యలో మాట అందుకోకుండా చివరిదాకా విను.

నీ చెల్లెలు